సిగారు రుచిని తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాక

నా దగ్గర రెండు నోటు పుస్తకాలున్నాయి. మొదటిది మూడేళ్ళపాటు ఇంగ్లీషులో రాసింది. తాగిన ప్రతి సిగారుకీ ఒక పేజీ. పైన పేరు, ఆకు పండిన దేశం, పొడవు, లావు, వెల, తేదీ, కింద రుచి. ఆ రుచి దగ్గరే వచ్చింది చిక్కంతా. ఒక పేజీలో "సెడార్, లెదర్, కొంచెం కోకో" అని ఉంటుంది. ఇంకో పేజీలో "లెదర్, కోకో, చివర్లో సెడార్". డెబ్భై పైచిలుకు పేజీలు నింపాను. ఒకరోజు కూర్చుని మొదటినుంచీ చదివితే ఒక్క సిగారు కూడా గుర్తుకు రాలేదు. అన్నీ ఒకటే సిగారన్నట్టు ఉన్నాయి. ఆ మాటలు నేను పెట్టుకున్నవి కావు, దుకాణం కేటలాగుల్లోంచీ వీడియోల్లోంచీ ఎత్తుకొచ్చినవి.

రెండో పుస్తకం ఒక సెప్టెంబరు సాయంత్రం మొదలైంది. నేనుండే టంపాలో, అంటే అమెరికాలో ఫ్లోరిడా వైపు, వాన వెలిసి, ఇంటి వెనక వరండా ఇంకా తడిగా ఉంది. మధ్య అమెరికాలోని నికరాగువా దేశపు సిగారొకటి వెలిగించాను. సగానికి వచ్చేసరికి ముక్కులోంచి నెమ్మదిగా వదిలిన పొగలో ఒక వాసన తగిలి ఆగిపోయాను. వానకి పైపైన తడిసిన గడ్డివాము మర్నాడు ఎండెక్కేసరికి ఆవిరి వదులుతుంది చూడండి, ఆ వాసన. చేతికందిన కాగితం మీద "తడిసిన గడ్డివాము, మర్నాటి ఎండ" అని తెలుగులో రాశాను. ఆరు నెలల తర్వాత ఆ కాగితం కనబడితే, ఆ సిగారు మళ్ళీ నోట్లో ఉన్నట్టే అయింది. ఎక్కడ ఘాటెక్కిందో, ఎక్కడ తియ్యబడిందో, అన్నీ గుర్తొచ్చాయి.

అప్పటినుంచీ నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒక్కటే. రుచి చూసి పోల్చుకోవడం అంటే జ్ఞాపకంతో చేసే పని. మన ముక్కు ఏ ఊళ్ళో, ఏ వంటింట్లో, ఏ పెరట్లో చదువుకుందో ఆ భాషలోనే అది జవాబు చెబుతుంది. అరువు మాటల్లో రాసుకున్నంత కాలం మనం సిగారు కాలుస్తాం గానీ రుచి చూడం.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది ఎవర్నీ సిగారు అలవాటు చేసుకోమని రాస్తున్నది కాదు. అలవాటు లేనివాళ్ళు దీని జోలికి రాకపోవడమే మంచిది. ఎందుకో కింద చెబుతాను, అది నాకు ఇంట్లో జరిగిన సంగతి.

నేనుండే టంపాకి సిగారు నగరమని పేరు. విసెంటే మార్టినెజ్ ఇబోర్ అనే ఆయన 1885లో ఇక్కడ స్థలం కొని, ఫ్లోరిడా దక్షిణ కొసనున్న కీ వెస్ట్ దీవి నుంచి తన సిగారు ఫ్యాక్టరీని తరలించాడు. ఆయన పేరు మీదే ఇబోర్ సిటీ వెలిసింది. క్యూబాలోని హవానా నుంచి ఓడల్లో ఆకు వచ్చేది, క్యూబా వాళ్ళూ స్పెయిన్ వాళ్ళూ సిసిలీ వాళ్ళూ బారులుగా బల్లల దగ్గర కూర్చుని చుట్టేవాళ్ళు. ఆ ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీలు కొన్ని ఇప్పటికీ నిలిచున్నాయి. 1910లో కట్టిన గడియారం మేడలో ఇప్పటికీ సిగార్లు తయారవుతున్నాయి. వీధుల్లో కోడిపుంజులు యథేచ్ఛగా తిరుగుతాయి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదని నగరంలో నియమం. మొదటిసారి ఏడో ఎవెన్యూ మీద నడుస్తుంటే ఎదురుగా ఒక డేగ పుంజు రొమ్ము విరుచుకుని వచ్చింది. గోదావరి జిల్లా వాణ్ణి, నాకు ఎంత ధైర్యమొచ్చిందో చెప్పలేను.

ఆ ఫ్యాక్టరీల్లో ఒక ఆచారం ఉండేది. నడుమ ఎత్తైన వేదిక మీద ఒకాయన కూర్చుని గట్టిగా చదివేవాడు. పొద్దున వార్తాపత్రికలు, మధ్యాహ్నం నవలలు. వందలమంది ఆకు చుడుతూ వినేవాళ్ళు. ఆ చదివే మనిషికి జీతం యజమాని ఇచ్చేవాడు కాదు, పనివాళ్ళే వారం వారం తలా కొంత వేసుకుని ఇచ్చేవాళ్ళు. 1865లో హవానాలో మొదలైన ఈ ఆచారం టంపాలో 1931 దాకా సాగింది. పనివాళ్ళకి లేనిపోని ఆలోచనలు ఎక్కిస్తున్నారని యజమానులు ఆ వేదికల్ని పీకించేశారు, పనివాళ్ళు సమ్మె కట్టారు. తర్వాత రేడియోలు వచ్చాయి. చదువు రానివాడు కూడా తన భాషలో దేశ దేశాల కబుర్లు విని, వాటి మీద వాదించగలిగిన కార్ఖానా అది. ఆ సంగతి తెలుసుకున్నాక సిగారు మాటలు వేరేగా వినబడ్డాయి నాకు.

ఆ మాటలు చూడండి. సిగారు లోపల పెట్టే ఆకుని స్పానిష్‌లో ట్రిపా అంటారు. అంటే పేగులు. పైన చుట్టే నున్నటి ఆకు కాపా, అంటే పైన కప్పుకునే గుడ్డ. రెండిటికీ మధ్య బిగించి పట్టే ఆకు కపోటే, అదీ తొడుక్కునే బట్ట పేరే. మొక్క నడుమ ఆకు సెకో, అంటే పొడిది. నల్లగా నిగనిగలాడే సిగారు మదురో. ఆ మాట వింటే ఏదో మహా గొప్పదనం ధ్వనిస్తుంది గానీ అర్థం 'పండినది' అనే. అరటిపండుక్కూడా వాళ్ళు అదే మాట అంటారు. ఇవన్నీ వాళ్ళ వంటింటి మాటలు, బీరువా మాటలు. ఒక్కటి కూడా సిగారు కోసం ప్రత్యేకంగా కనిపెట్టింది కాదు. వాళ్ళు తమ ఇంటి మాటలతో పేర్లు పెట్టుకుంటే, మనం వాటిని మంత్రాల్లా వల్లిస్తున్నాం. మదురోకి మన దగ్గర అంతకంటే కచ్చితమైన మాట ఉంది: మాగినది. మామిడికాయని గడ్డిలో మాగబెట్టినట్టే ఆ ఆకునీ కుప్పపోసి, దాని వేడిలో దాన్నే మాగనిస్తారు. వాళ్ళ మాట ఫలితాన్ని చెబితే మన మాట పనినీ చెబుతోంది.

మా తాతయ్యకి ఈ పని తెలుసు. నాన్నగారి వైపు వాళ్ళది గోదావరి లంక. వరద తీశాక మిగిలిన ఒండ్రు మీద పొగాకు నాటేవాళ్ళు. లంక పొగాకు పేరు ఒకప్పుడు సముద్రాలు దాటింది. కాకినాడ రేవు నుంచి బర్మాకి వెళ్ళి అక్కడ చుట్టలయ్యేది. ఇంగ్లీషు వాళ్ళు చెరూట్ అన్న మాట తమిళుల 'సురుట్టు' నుంచి వచ్చింది. సురుట్టు అన్నా చుట్ట అన్నా చుట్టినదనే. తిరుచిరాపల్లి చెరూట్లు విక్టోరియా కాలంలో లండన్ దాకా పోయాయి. పొగాకు మీద పరిశోధనకి కేంద్ర సంస్థ పెడదామనుకున్నప్పుడు 1947లో దానికి రాజమండ్రిని ఎంచుకున్నారంటే ఊరికే కాదు.

తాతయ్య చుట్ట చుట్టడం నాకు ఇప్పుడు చూస్తున్నట్టే ఉంటుంది. సాయంత్రం ఆకు మీద నీళ్ళు చిలకరించి గోనెసంచిలో చుట్టి పెట్టేవారు. పొద్దున్నే తీస్తే మెత్తగా, చీర మడతలా సాగేది. నడుమ ఈనెని మొదట్లో గోటితో గిల్లి పట్టుకుని, ఒక్క లాగుడులో చివరిదాకా తీసేసేవారు, ఆకు చిరగకూడదు. చిన్నాపెద్దా ముక్కల్ని అరచేతిలో పేర్చి, మందమైన ఆకుని నడుమ పెట్టేవారు. "ఇది నిదానంగా కాలుద్దిరా, పక్కనబెడితే ఒకపక్కే అంటుకుపోద్ది" అనేవారు. తర్వాత పైఆకుని వాలుగా తిప్పుకుంటూ చుట్టి, చివర తెల్లదారంతో రెండు చుట్లు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇబోర్ సిటీలో ఒక సిగారు చుట్టే ఆవిడ, మొక్క కొసన కాసే లిగెరో అనే దళసరి ఆకుని నడుమ పెట్టి, సరిగ్గా అదే కారణం చెప్పింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడకి ఎందుకో చెప్పుకోలేకపోయాను.

ఇక్కడ సిగరెట్టుకీ సిగారుకీ ఉన్న తేడా చెప్పాలి, ఎందుకంటే రుచి అంతా అందులోనే ఉంది. మన ప్రకాశం, గుంటూరు వైపు పండే సిగరెట్ల వర్జీనియా పొగాకుని బ్యారన్లలో, అంటే ఆకు ఆరబెట్టే గదుల్లో, వేడిగాలితో వారంలోపు ఆరబెడతారు. ఆకు పచ్చదనం పోయి పసుపెక్కగానే దాన్ని అక్కడికక్కడే ఆపేస్తారు. చక్కెర ఆకులోనే ఉండిపోతుంది. దాని పొగ ఆమ్లంగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే గానీ నికోటిన్ ఒంటికి పట్టదు. సిగారు ఆకుని నీడలో వారాల తరబడి గాలికి ఆరనిచ్చి, తర్వాత కుప్పలు పోసి మాగబెడతారు. కుప్ప నడుమ వేడి పెరుగుతుంది, అమ్మోనియా పోతుంది, చక్కెరలు తగ్గిపోతాయి. ఆ పొగ క్షారంగా ఉంటుంది గనక నికోటిన్ నోటి గోడల్లోంచే ఎక్కుతుంది. లోపలికి పీల్చనక్కర్లేదు, పీల్చకూడదు కూడా. నోట్లో ఒక్క క్షణం నిలిపి వదిలెయ్యడమే. అందుకే సిగారు నాలుకకీ ముక్కుకీ సంబంధించిన విషయం అవుతుంది. సిగరెట్టుకి ఆ తీరిక లేదు.

ఇక పోల్చుకోవడం. ఇది లేకపోతే నా దృష్టిలో ఇది హాబీ కాదు, ఒట్టి అలవాటే. ఒకే సిగారు రోజూ కాల్చేవాడికి అది చాలా ఇష్టం కావచ్చు గానీ అందులో ఏముందో తెలియదు. పక్కన ఇంకొకటి ఉంటేనే మొదటిదాని గుణం బయటపడుతుంది. బియ్యం కొనేటప్పుడు రెండు గుప్పిళ్ళు పక్కపక్కన పోసి చూసినట్టు.

నేను చేసేదేమిటంటే, ఒకే కొలతవి మూడు తీసుకుంటాను. సాధారణంగా రోబుస్టో: 5 అంగుళాల పొడవు, 50 రింగు. రింగు అంటే లావు కొలత, అంగుళంలో 64వ వంతు. కొలత మారితే పోలికే చెడిపోతుంది. సన్నటి సిగారులో పైఆకు వాటా ఎక్కువ, లావుదాంట్లో లోపలి ఆకుది పైచేయి. మా ఆవిడ వాటి మీది కాగితపు పట్టీలు తీసేసి, గుర్తుకి ఒక్కో రంగు దారం కడుతుంది. దారం ఆలోచన తనదే. తాతయ్య చుట్ట గుర్తొచ్చి కాసేపు నేను మాట్లాడలేదు. చీకటి పడ్డాక వరండాలో దీపం ఆర్పేసి కూర్చుంటాను, ఆకు రంగు కళ్ళకి కనబడి నాలుకకి చాడీలు చెప్పకుండా. మూడూ ఒకే రాత్రి కాదు. నెలన్నర వ్యవధిలో ఒకే వేళకి, ఒకే తిండి తిన్నాక. కడుపు నిండా తిని మరీ కూర్చుంటాను. ఒకసారి ఖాళీ కడుపుతో ఘాటైన సిగారు మొదలుపెట్టి, చల్లటి చెమటలు పట్టి, నేల మీద పడుకోవలసి వచ్చింది. బెల్లం ముక్క చప్పరించాక గానీ తేరుకోలేదు.

ఈ చీకటి పరీక్ష నేర్పినంత ఏ దుకాణమూ నాకు నేర్పలేదు. నల్లటి సిగారు ఘాటుగా, తెల్లటిది మెతగ్గా ఉంటుందని అందరూ అంటారు, నేనూ నమ్మాను. చీకట్లో తాగితే, కనెక్టికట్ విత్తనం పైఆకు వేసిన లేత గోధుమరంగు సిగారు మొదటి పది నిమిషాల్లోనే గొంతు పట్టుకుంది. లోపల లిగెరో దండిగా పెట్టి ఉంటారు. మాగిన నల్లాకుది మెత్తగా, పాకం వాసనతో సాగింది. రంగు చెప్పేది ఆకు ఎలా మాగిందో మాత్రమే. బలం చెప్పేది అది మొక్క మీద ఎక్కడ కాసిందో. పై కొసన ఎండ తాగిన ఆకులో నికోటిన్ ఎక్కువ, అడుగాకు తేలికగా కాలుతుంది. ఈ ఒక్క విషయం అర్థమయ్యేసరికి నా మొదటి పుస్తకంలో సగం అభిప్రాయాలు చెల్లకుండా పోయాయి.

కాలే తీరు కూడా రుచిలో భాగమే. సిగారు ఒకపక్క కాలిపోతూ ఇంకోపక్క నిలబడిపోతుంటే నేనింతకుముందు చుట్టినవాళ్ళని తప్పుపట్టేవాణ్ణి. కానీ నేలలోనో నీటిలోనో క్లోరైడు ఎక్కువైతే ఆకు సరిగా మండదు. ఉప్పునీటి బావి పక్కన పొగాకు వెయ్యొద్దని మా తాతయ్య ఎందుకనేవారో నాకప్పుడు తెలిసింది. లంక ఒండ్రు మీద ఆ బెడద లేదు.

సరే, రాసుకోవడం సంగతి. ఇంగ్లీషులో "స్ట్రాంగ్" అనీ "స్పైసీ" అనీ రెండు మాటలతో సరిపెట్టే చోట మన దగ్గర ఎన్ని మాటలున్నాయో కూర్చుని లెక్కపెడితే ఆశ్చర్యమేసింది. కారం వేరు, ఘాటు వేరు. కారం నాలుక మీద, ఘాటు ముక్కులో. మిరియం కారం నాలుక కొసన చురుక్కుమంటుంది, సొంఠి కారం గొంతులో నిదానంగా రాజుకుంటుంది. నికరాగువాలో ఎస్తెలీ వైపు నల్లనేల ఆకు నాకు మిరియం. అక్కడే హలాపా లోయ ఆకు సొంఠి, వెనకాలే కొంచెం తీపి. చేదు వేరు, వగరు వేరు. సిగారు తొందర తొందరగా లాగితే ఆకు వేడెక్కి చేదు వస్తుంది. అది తాగేవాడి తప్పు, నిమిషానికొక్క దమ్ము మించకూడదు. వగరు ఆకుదే, పచ్చి కరక్కాయ నమిలినట్టు బుగ్గలు లోపలికి లాగుతుంది. ఇంకా మాగాల్సిన ఆకన్నమాట. కమురు వాసన వేరు, ముక్కిన వాసన వేరు. సిగార్లు దాచే తేమ పెట్టెలో తేమ 70 శాతం దాటించి నెలలు ఉంచితే ముక్కుతుంది. పొడిబారిపోతే కమురు కొడుతుంది.

సెడార్ అన్న మాట నేనిప్పుడు రాయను. సిగార్ల పెట్టెలకి వాడే స్పానిష్ సెడార్ అసలు దేవదారే కాదు, మన వేపచెట్టు కుటుంబంలోది. దాని వాసన నాకు రెండో తరగతిలో కొత్త పెన్సిలు చెక్కినప్పుడు పలక మీద పడ్డ పొట్టు. అలాగే రాస్తాను. కొన్ని సిగార్ల నడిమి భాగంలో వచ్చే కమ్మటి వాసనని అందరూ నట్స్ అని రాస్తారు. ఏ గింజ? నాకైతే కందిపొడికి పప్పు వేయిస్తూ, ఇంకొక్క నిమిషం ఉంచితే మాడుతుందనగా మూకుడు దించినప్పటి వాసన. క్రీమ్ అని రాసేదాన్ని వెన్న కాచిన గిన్నె అడుగు అని రాస్తాను. ఇవి చదివితే మా అక్కకి కూడా అర్థమవుతాయి, తను జన్మలో సిగారు ముట్టలేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, నాతో చాలామందే వాదించారు. ఏ విద్యకైనా పదిమందికీ తెలిసిన భాష ఒకటి ఉండాలి కదా, నువ్వు గడ్డివాము అంటే టంపాలో ఎవడికి తెలుస్తుంది అని. నిజమే, కొన్నిటికి ఆ భాష కావాలి. కొలతలు, ఆకుల పేర్లు, విత్తనం పేర్లు నేనూ వాళ్ళలాగే రాస్తాను. అవి పదిమందికీ ఒకేలా ఉండాలి. వాసన అలా కాదు. "లెదర్" అంటే అందరికీ ఒకటే అర్థమవుతుందనుకోవడం భ్రమ. గుర్రపు జీను మధ్య పెరిగినవాడికి ఒకటి, నాకు పండక్కి కొన్న కొత్త చెప్పులు. మాట ఒకటే గనక అనుభవమూ ఒకటేనని ఇద్దరం తలూపుతాం. అంతకంటే, నేను గడ్డివాము అని, "అంటే ఏమిటి?" అని వాళ్ళు అడిగి, నేను విప్పి చెబితే వాసన గురించి నిజమైన మాట నడుస్తుంది. డాలస్‌లో ఉన్న ఒక తెలుగు స్నేహితుడికి నా పేజీలు నాలుగు పంపితే, అందులో వేయించిన కందిపప్పు చదివి, "అయితే ఇది తాగి చూడు" అని తనే ఒకటి పంపాడు. అక్షరాలా అదే వాసన. మూడేళ్ళ ఇంగ్లీషు నోట్లతో ఒక్కరూ నాకలా సరైన సిగారు చూపించలేదు.

వెల గురించి ఎక్కువ చెప్పను. ఒకచోట ఒక దుకాణంవాడు, అరుదైనదని నమ్మించి, నా వారం కిరాణా ఖర్చంత పెట్టించి ఒక సిగారు అంటగట్టాడు. చీకటి పరీక్షలో అది మూడింట్లో మూడోదైంది. పట్టీ చూస్తూ తాగినప్పుడు మాత్రం దాన్ని నేనే పొగిడాను, పుస్తకంలో సాక్ష్యం ఉంది. దొరకనిదానికి ఉండే రుచి ఇంకా గట్టిది. 1962లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ క్యూబా సరుకు నిషేధించే కాగితం మీద సంతకం పెట్టబోయే ముందు, తన పత్రికా కార్యదర్శి పియర్ సాలింజర్‌ని పంపి 1,200 క్యూబా సిగార్లు కొనిపించుకున్నాడని సాలింజరే చెప్పాడు. అరవై ఏళ్ళు దాటినా అమెరికాలో క్యూబా సిగారంటే స్వరం తగ్గించి మాట్లాడతారు. లండన్‌లో ఒక స్నేహితుడి పెరట్లో క్యూబా సిగారునీ, అదే కొలత నికరాగువాదాన్నీ వరసగా రెండు సాయంత్రాలు పోల్చి చూశాను. క్యూబాది మెత్తన, వాసనలో మెలికలున్నాయి, నిజంగా బాగుంది. కానీ బిగుతుగా ఉండి దమ్ము సరిగా లాగక మూడుసార్లు ఆరిపోయింది. నికరాగువాది ఒకే రాగం, అయితే తప్పులేని రాగం. నాకు క్యూబాదే నచ్చింది, కొద్దిగా. పుల్ల వేసి తూస్తే తెలిసేంత తేడా అది, రహస్యంగా మాట్లాడుకునేంత కాదు.

మరి మన చుట్ట? కిందటేడు మా బావ రాజమండ్రి నుంచి ఒక కట్ట తెచ్చాడు. కట్ట విప్పగానే పశువుల కొట్టం వాసన గుప్పుమంది, అమ్మోనియా ఇంకా పోలేదు. రెండు నెలలు తేమ పెట్టెలో ఉంచాను. తర్వాత మూడు సిగార్ల మధ్య కలిపి పెట్టమన్నాను మా ఆవిణ్ణి. ఇది చీకటి పరీక్ష కాదని ఒప్పుకోవాలి, నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. మొదట్లోనే తలకెక్కే ఘాటు. ఒకపక్కే కాలింది. చివరిదాకా ఒకటే రుచి, మలుపుల్లేవు. ఆకుని ఇంకో ఏడాది మాగనిచ్చి, కొస ఆకు, నడిమాకు, అడుగాకు వేరుచేసి చుడితే ఎలా ఉండేదోనన్న దిగులు మాత్రం మిగిలింది. మన ఆకుకి లోటు లేదు, ఆకు మీద పెట్టే కాలానికే లోటు. నడుమ ఒక చోట, వరద తీసిన లంకలో ఒండ్రు ఎండి బీటలు వారుతున్నప్పటి వాసన వచ్చింది. ప్రపంచంలో ఇంకే ఆకులోనూ నాకది తగల్లేదు.

మా పక్కింటి పెద్దాయన తాత క్యూబా నుంచి వచ్చి ఇబోర్‌లో సిగార్లు చుట్టినాయన. ఆయనకొక చుట్ట ఇచ్చాను. సిగార్ల లాంజిలో ఇదే చుట్ట చూపిస్తే ఒకాయన నవ్వి పక్కన పెట్టేశాడు గనక కొంచెం బెరుగ్గానే ఇచ్చాను. పెద్దాయన దారం చూశాడు, వాసన చూశాడు, వెలిగించి చాలాసేపు మాట్లాడలేదు. చుట్టేవాళ్ళు రోజు చివర తమకోసం చుట్టుకునేవి కొన్ని ఉండేవట, ఫూమా అంటారట. పట్టీ ఉండదు, పెట్టె ఉండదు. "మా తాత చొక్కా జేబు ఇలా ఉండేది" అన్నాడు. ఆయన కూడా తన ముక్కు ఎక్కడ చదువుకుందో అక్కడికే వెళ్ళాడు.

ఇప్పుడు ఇంట్లో సంగతి. అమ్మ వాళ్ళది శ్రీకాకుళం వైపు. అక్కడ ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవాళ్ళు, చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని. గాలికి ఆరిపోకుండా, పిల్లల మీద నుసి పడకుండా, రెండు చేతులా పని చేసుకుంటూ. నోటి పైకప్పుకి క్యాన్సరు తెచ్చే అలవాటని వైద్య పుస్తకాల్లో ఉత్తర కోస్తా పేరు చెప్పి మరీ రాశారు. మా అమ్మమ్మకి అంగిట్లో పుండు లేచింది. ముద్ద మింగడం, మాట, చివరికి మంచినీళ్ళు, ఒక్కొక్కటే పోయాయి. నాకప్పుడు పదకొండేళ్ళు. పీల్చకపోతే ప్రమాదం లేదని సిగారు తాగేవాళ్ళు చెప్పుకునే మాట అబద్ధం. నోరు, గొంతు, అన్నవాహిక, వీటన్నిటికీ సిగారు క్యాన్సరు తెస్తుంది. పెద్ద సిగారు ఒక్కదాంట్లో ఒక సిగరెట్టు పెట్టెకి సరిపడా పొగాకు ఉండొచ్చు. నికోటిన్ నోటి గోడల్లోంచే ఎక్కుతుందని పైన రాశాను కదా, ఆ గోడలే మూల్యం చెల్లించేది.

మరి తెలిసీ ఎందుకు అంటారు. నిజాయితీగా చెబుతున్నాను: నాకు ఇది ఇష్టం, దీనిలో మా తాతయ్య చేతులున్నాయి, అమ్మమ్మ నోరూ ఉంది. రెంటిలో దేన్నీ మరచిపోలేను. నెలకి రెండే. ఇంట్లో కాదు, పిల్లలుండగా కాదు. ఆరు నెలలకొకసారి పళ్ళ డాక్టరుకి నోరంతా చూపించుకుంటాను. రెండే గనక ఆ రెండూ శ్రద్ధగా తాగుతాను, రాసుకుంటాను. లెక్క పెరిగిననాడు ఆ పుస్తకం మూసేస్తాను.

రెండో పుస్తకంలో ఒక పేజీ చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. ఆఫ్రికాలోని కామెరూన్ పైఆకు వేసిన సన్నటి సిగారది. దాని వాసన నాకు తెలుసు, బాగా తెలుసు, పేరే అందడం లేదు. మూడుసార్లు తాగాను, ఆరు నెలల్లో. కొంచెం తీపి, కొంచెం మట్టి, పైన కాలిన పొర. చివరికి ఒక ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. ఈ హాబీ అంటే అమ్మకి కంటగింపు. ఎందుకో నాకు తెలుసు గనక ఎన్నడూ ఆ ప్రస్తావన తేను. సిగారన్న మాట అనకుండా వాసన మాత్రం వర్ణించాను. అమ్మకి తెలియకుండా ఉంటుందా.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చివర్న నాలిక మీద కొద్దిగా వగరు తగులుద్దా?" అంది.

"అవునమ్మా."

"పీచులాంటి తీపి, నమిలితే గానీ రాదు. అంతేనా?"

"అంతే."

"కాల్చిన తేగరా అది. నిప్పుల్లోంచి తీసి వేడి వేడిగా తొక్క ఒలుస్తుంటే వస్తదే, ఆ వాసన. మీ అమ్మమ్మ ఒలిచి పెట్టేది నీకు. మర్చిపోయావా?"

పేజీ మీద రాసుకున్నాను. అమ్మకి కలం చప్పుడు వినబడిందో ఏమో.

"నెలకి రెండేనా, నాన్నా?"

"రెండే అమ్మా."